ఎముకకూ గడువు ఇవ్వాలి

మూడు దశాబ్దాల కిందట ఓ శిక్షణ కేంద్రంలో కంపెనీ కమాండర్‌గా ఉన్నాను. ఆరో వారంలో ఓ రిక్రూట్ ఉదయపు పరుగులో వెనకబడటం మొదలైంది. మోకాలి కింద నొప్పిగా ఉంది సాబ్ అన్నాడు. సాకు అనుకున్నాను. రైఫిల్ తలపైకెత్తి మైదానం చుట్టూ మరో రౌండ్ కొట్టించాను. పది రోజుల తరవాత తీసిన ఎక్స్‌రేలో కాలి ఎముకపై సన్నటి పగులు కనిపించింది. అతడు తన బ్యాచ్‌కు దూరమయ్యాడు. తప్పు నాదే.

వైద్యులు దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. దెబ్బ తగలకుండానే, ఒకేచోట పదేపదే పడే భారానికి ఎముక చిట్లుతుంది. సుదూర కవాతులు చేసిన సైనికుల పాదాల్లో వాపును, నొప్పిని 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ నమోదు చేశారు. అది ఎముక పగులేనని ఎక్స్‌రేలు వచ్చాకగానీ తేలలేదు. కారణం సులభంగానే అర్థమవుతుంది. కొత్త భారం పడినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత తొలగించి, ఆ చోట కొత్తది కడుతుంది. తొలగింపు వారాల్లో పూర్తవుతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. ఈలోగా కుర్రాడి ఊపిరి, కండరాలు మెరుగుపడతాయి. ఇంకా పరిగెత్తగలనని అతడికి అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఎముక బలహీనంగా ఉంటుంది.

ఈ సూత్రం మన సైన్యానికి కొత్త కాదు. ఎత్తయిన పర్వతాలపైకి పంపేటప్పుడు 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 అడుగుల దాకా మరో నాలుగు రోజులు, ఆపైన ఇంకో నాలుగు రోజులు శరీరాన్ని అలవాటు చేయిస్తారు. జవానుకైనా జనరల్‌కైనా అదే నియమం. ఊపిరితిత్తుల విషయంలో ఇంత పట్టుదల చూపే మనం కాళ్ల విషయంలో మాత్రం తొందరపడుతున్నాం.

కండబలం పెంచే శాస్త్రానికి కూడా సైన్యంతో గట్టి సంబంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్, గాయపడిన సైనికుల చేత క్రమంగా పెరిగే బరువులు ఎత్తించారు. తేలికపాటి వ్యాయామాన్ని ఎక్కువసార్లు చేయించే నాటి పద్ధతి కన్నా ఇది మెరుగైన ఫలితాలిచ్చింది. 1945లో ఆయన ప్రచురించిన ఆ పద్ధతి నేటి క్రీడా శిక్షణకు పునాదుల్లో ఒకటి. భారం పెంచు, కానీ మెట్టుమెట్టుగా పెంచు. అమెరికా సైన్యం 2022లో తన శారీరక పరీక్షలో నేలపై నుంచి బరువెత్తే డెడ్‌లిఫ్ట్‌ను చేర్చింది. గాయపడిన సహచరుణ్ని మోయాలంటే పరుగు ఒక్కటే చాలదు కదా! మన యుద్ధ సామర్థ్య పరీక్షలోనూ ఆయుధం, సామగ్రితో అయిదు కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, తొమ్మిది అడుగుల గోతిని దూకడం ఉంటూ వచ్చాయి. నడుం, తొడలు, పిక్కలు గట్టిపడకుండా ఆ బరువుతో పరిగెత్తిస్తే భారమంతా ఎముకపైనే పడుతుంది.

2001లో పుణెలో ఏర్పాటైన ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రీడాకారుడికి కోచ్, ఫిజియో, ప్రణాళిక ఉంటాయి. 2016లో నాయబ్ సుబేదార్‌గా సైన్యంలో చేరిన నీరజ్ చోప్రా, 2019లో మోచేతి శస్త్రచికిత్సతో నెలల తరబడి పోటీలకు దూరమయ్యారు. 2021లో టోక్యోలో స్వర్ణం గెలిచారు. ఆ ఓపికలో కొంతైనా మామూలు రిక్రూట్‌కూ దక్కాలి. తొలి వారంలోనే సామర్థ్యాన్ని బట్టి బృందాలుగా విడదీయాలి. వారానికి రెండుసార్లు బరువుల వ్యాయామం ఉండాలి. దూరం, వేగం, బరువు మూడింటినీ ఒకే వారంలో పెంచకూడదు. నొప్పి ఉందని చెప్పినవాణ్ని పిరికివాడిగా చూడకూడదు. అగ్నివీర్‌కు మొత్తం సర్వీసే నాలుగేళ్లు. ఆ తరవాత రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది 25 శాతం దాకానే. అతడికి మూడు నెలల విశ్రాంతి అంటే చాలా పెద్ద నష్టం.

శ్రీకాకుళం పల్లెల నుంచి మిలిటరీ మాధవరం దాకా తెల్లవారుజామున రోడ్లపై పరిగెత్తే కుర్రాళ్లకూ ఓ మాట. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో, పుల్‌అప్స్ పది. ర్యాలీలో పూర్తి మార్కులకు కావలసినవి ఇవే. నోటిఫికేషన్ వచ్చాక మూడు వారాల్లో సాధిద్దామని అరిగిన బూట్లతో తారు రోడ్డుపై రోజూ పరిగెత్తకండి. నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. వారంలో మూడు రోజులు మట్టి నేలపై పరుగు, రెండు రోజులు దండీలు, బస్కీలు, పుల్‌అప్స్, మిగతా రోజులు విశ్రాంతి. కడుపు నిండా తిండి, కంటి నిండా నిద్ర. ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడుతుంటే ఆ రోజే పరుగు ఆపి వైద్యుణ్ని కలవండి.

ఆ రిక్రూట్ కోలుకుని తరవాతి బ్యాచ్‌తో కసమ్ పరేడ్‌లో కవాతు చేశాడు. నా ముందు నుంచి వెళ్తున్నప్పుడు అతడి అడుగులో ఎక్కడా తేడా కనిపించలేదు. అతడికి కావలసింది కొంత గడువే. అది నేను ముందే ఇచ్చి ఉండాల్సింది.