మండునదెల్ల మందగునా?

క్షౌరశాలలో చివరి ఘట్టమొకటి కలదు. తడిగుడ్డతో నురుగు తుడిచి, క్షురకుడు అరచేతిలో కొంచెము లోషను పోసికొని, రెండు చేతులు రాచి, చెంపల మీద తట్టును. కుర్చీలోని పెద్దమనిషి పండ్ల నడుమనుండి ‘స్స్’ అని గాలి పీల్చును. కన్నులు చెమర్చును. మరుక్షణమే అద్దములో తన్ను చూచికొని తృప్తిగా తల యూపును. ఆ మంట లేనిచో పని పూర్తియైనట్లు ఆయనకు తోచదు. మంట ఎంత ఘాటుగా నున్న సరకు అంత మంచిదని ఆయన నమ్మకము. అమ్మువారికి ఆ నమ్మకమును చెరుపవలసిన అగత్యమేమి?

మంచి లోషను ఏదో తేల్చుటకు ముందు, కత్తి చెంపకు చేసినదేమో తెలియవలెను. గడ్డము గీయుట యనగా వెండ్రుకలను మాత్రమే కోయుట కాదు. చర్మముపైన చనిపోయిన కణములు ఇటుకలవలెను, వాని నడుమ కొవ్వు అడుసువలెను పేర్చిన గోడ యొకటి కలదు. దాని మందము మిల్లీమీటరులో నూరవ వంతు, మించిన రెండు వంతులు. లోపలి తడిని బయటికి పోనీయనిది, బయటి క్రిములను లోనికి రానీయనిది ఆ గోడయే. కత్తి వెండ్రుకలతోపాటు దీనిని గూడ కొంత గీచికొని పోవును. చర్మము సహజముగా కొంచెము ఆమ్లగుణము కలది, సబ్బు క్షారము. కనుక గీత ముగియునప్పటికి గోడ పలుచబడి, నూనె పోయి, క్షారము మిగిలి, అచ్చటచ్చట కంటికి కానరాని గంట్లు పడి యుండును. ఆ గంట్లను మూయుట, క్షారమును విరుచుట, తడిని నిలుపుట - లోషను చేయవలసిన పని యింతే. ఈ పనిలో మంటకు చోటెక్కడ?

మంటకు కారణము ఆల్కహాలు. అది క్రిములతో పోరాడుటచే మంట పుట్టుచున్నదని సామాన్యుల యూహ. విషయమది కాదు. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము మిరపకారమును గుర్తించు నాడీద్వారమును కనుగొనెను. సుమారు 42, 43 డిగ్రీల వేడి తగిలినను ఆ ద్వారమే తెరచుకొనును. అందుకే కారము మనకు ‘మంట’గా తోచును, తెలుగువాడు ఆ రెంటికిని ఒకే మాట వాడుట పొరపాటు కాదన్నమాట. ఈ కృషికిగాను జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి, 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. ఆల్కహాలు ఈ ద్వారము తెరచుకొను వేడిని 34 డిగ్రీల దాపునకు దింపునని 2002లో ప్రకటితమైన పరిశోధనలలో తేలినది. 34 డిగ్రీలనగా ఇంచుమించు మన చర్మపు వేడియే. అనగా, లోషను చల్లుకొన్నవాడు తన యొంటి వేడిని తానే నిప్పుగా భ్రమించుచున్నాడు. గుంటూరు మిరపకాయ కొరికినవాని నాలుక మీద జరుగునదియు, ఈయన చెంప మీద జరుగునదియు ఒక్కటే. పిమ్మట కలుగు చల్లదనములో కొంత ఆల్కహాలు ఆరిపోవుటవలన వచ్చును. కొంత పుదీనా జాతి సత్తువయగు మెంథాల్ చేయు మాయ. చల్లదనమును గుర్తించు ద్వారము వేరొకటి కలదు. మెంథాల్ దానిని తట్టును.

ఆల్కహాలు క్రిములను చంపదా? చంపును. కాని చేతులు శుభ్రపరచు ద్రవములో నూటికి 60 పాళ్లు మించి ఆల్కహాలు ఉండి, ఇరువది సెకన్లయినను చేతులు తడిగా నుండవలెనని వైద్యులు చెప్పుదురు. చెంపపై చల్లినది క్షణములో ఆరిపోవును. పోవుచు చర్మములో మిగిలిన నూనెను గూడ తీసికొని పోవును. సాయంకాలమునకు చెంపలు బిగిసి పొలుసులూడుట కిదియే హేతువు.

అపాయము ఇంకొక చోట నున్నది. మంట కలిగినది గనుక కత్తి దోషమంతయు పోయినదను ధీమా పుట్టును. హెపటైటిస్ బి వైరసు ఎండిన నెత్తురులో ఏడు దినములకు తక్కువ గాకుండ బ్రదికి యుండగలదు. వెనుకటి మనిషి నెత్తురు అంటిన కత్తి గంటు పెట్టి, ఆ వైరసు లోనికి పోయిన పిదప, పైన చల్లిన లోషను దానిని వెనుకకు పిలువజాలదు. కన్నులయెదుట కాగితము విప్పిన క్రొత్త బ్లేడు చేయు మేలు ఎంత ఖరీదైన సీసాయు చేయలేదు. అడుగుటకు మొగమాటపడు పెద్దమనుష్యులు గలరు. క్షురకుడు నొచ్చుకొనునేమో యని వారి సంకోచము. పనితనము తెలిసిన క్షురకుడు అడుగకమునుపే విప్పి చూపును.

ఇక పటిక. స్ఫటికమే మనకు పటికమైనది. ఆ మెరుపును బట్టియే కలకండకు పటికబెల్లమని పేరు. బురదనీటిలో తిప్పి నీటిని తేర్చుటకును, దిష్టి తగులకుండ అంగడి గుమ్మమున వ్రేలాడగట్టుటకును ఇదియే. రసశాస్త్రము దీనిని ఉపరసములలో చేర్చి తువరి యనియు, సౌరాష్ట్రి యనియు పిలిచినది. అల్యూమినియము, పొటాసియము గంధకామ్లముతో కూడి, నీటిని గర్భమున నిలుపుకొన్న లవణమిది. తడి చెంపపై రాచినప్పుడు గంటు నోటనున్న మాంసకృత్తులను పేరుకొనజేసి, సన్నని నాళములను ముడుచుకొనజేయును, నెత్తురు నిలుచును. దీని ద్రావణము ఆమ్లము గనుక సబ్బు క్షారమును విరుచును. గంట్లున్నచోట చురుక్కుమనును గాని సీసా మందువలె చెంపనంతను మండింపదు. రోమకుడైన ప్లినీ మంగలికత్తి గాయములకు సాలెగూడు పెట్టుమనెను. దానికంటె ఇది యెంతో నయము!

పటికకును దోషములు లేకపోలేదు. కడుగక వదలినచో చర్మమును ఎండించును. అంతకంటె పెద్దది, అంగడిలో ఒకే బిళ్ల వచ్చినవారందరి చెంపల మీదను తిరుగుట. పాశ్చాత్య దేశములలో అగ్గిపుల్లలవంటి పుల్లల కొనలకు రక్తము నిలుపు లవణమును పూసి, ఒకమారు వాడి పారవేయుదురు. ఇంట నెవరి బిళ్ల వారికుండినచో ఈ చిక్కు లేదు. తడి మొగముపై మెల్లగా రాచి, అరనిమిష మాగి, చన్నీట కడిగికొని, పన్నీటిలో పదవ పాలు గ్లిసరిను కలిపి అద్దుకొన్నచో లోషను పని యంతయు నెరవేరును. గ్లిసరిను తడిని పట్టియుంచును.

సీసాల మీది పేర్లను గూర్చి రెండు మాటలు. అమెరికా వారి విచ్ హేజెల్ పొద బెరడులో చర్మమును బిగించు వగరు సత్తువ నిజముగా కలదు; కాని బట్టీ పట్టునప్పుడు ఆ వగరు ఆవిరితో రాదు. సీసాలోనిది బిగించినచో అందులో కలిపిన ఆల్కహాలు మహిమయే ఎక్కువ. ఓడ బొమ్మతో లోకమంతట తిరిగిన ఓల్డ్ స్పైస్ 1937లో మొదట స్త్రీలకై వచ్చినది; పురుషుల సీసా మరుసటి యేడు వచ్చినది. వాసన మనసుకు హాయి గూర్చును, కాదనరాదు. చర్మమునకు మాత్రము దానితో పని లేదు. పైగా వాసన ద్రవ్యములు సరిపడక దద్దురులెత్తువారు గలరు. శుద్ధి చేయని బెర్గమాటు నిమ్మ తైలము పూసికొని ఎండలో తిరిగినచో, తైలము కారిన దారినే మెడ మీద గోధుమరంగు చారలు పడును. మన ఎండలలో ఇది గుర్తుంచుకొనదగినది.

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చినవారు స్నానము చేసి గుండునకు గంధము పూసికొందురు. అరగదీసిన మంచి గంధమే యైనచో అందులో ఆల్కహాలు లేదు. నీరు మెల్లగా ఆరుచుండ తల చల్లబడును. కత్తి తగిలినప్పుడు గొంతు చించుకొని ఏడ్చిన పసివాండ్రు, ఆ పూత పడగానే తల్లి భుజముపై వాలి, కొండ దిగు బస్సులో పచ్చని గుండ్లతో నిద్రపోవుచుందురు.