పండు కోసే ముందు

జామ, బొప్పాయి పెరట్లో కాసే పండ్లు. జామపండులో సి విటమిన్ నారింజలో కన్నా ఎక్కువ. బొప్పాయి పండు కంటికి మంచిది. పిల్లలకు రోజూ నాలుగు ముక్కలు కోసి పెట్టాలి.

పండును కోసే ముందే కడగాలి. తొక్క తీసి పారేసేదే కదా, కడగడం ఎందుకు అంటారు కొందరు. తొక్క మీద మట్టి, క్రిములు ఉంటాయి. కత్తి దిగితే అవి కూడా లోపలికి పోతాయి. చేతులు సబ్బుతో కడగాలి. కత్తిపీట, పళ్లెం కూడా కడగాలి.

తినేటప్పుడే కోయాలి. కోసి ఉంచితే ఈగలు ముసురుతాయి. పెంట మీద వాలిన ఈగే ముక్కల మీదా వాలుతుంది. అవి తింటే పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. మిగిలిన ముక్కల మీద మూత పెట్టాలి. త్వరగా తినేయాలి.

బజారులో మూత లేకుండా అమ్మే ముక్కలు కొనరాదు. పండు కొని ఇంట్లో కోసుకోవాలి.