బడికి ఒక పడవ తోడు

చేప బొమ్మ గీసి మొప్పలు, రెక్కలు అని పేర్లు వ్రాసే పిల్లలు కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో ఎందరో ఉన్నారు. బడికి కూతవేటు దూరంలోనే చేపల రేవు. అయినా ఈ రెండింటికీ పరిచయం లేదు!

ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క పడవను జతచేస్తే ఎలా ఉంటుంది? పిల్లలను సముద్రం మీదికి పంపనవసరం లేదు. నెలకొకసారి ఉపాధ్యాయునితో రేవుకు వెళ్లి, వేటనుండి వచ్చిన మత్స్యకారుని అడిగితే చాలు. సముద్రంలోని విలస వరదకాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలో ఎదురీది పులస అవుతుందని ఆయన చెబుతారు. చలికాలంలో మన ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు ఇసుక గుంటలో సుమారు 100 గుడ్లు పెడుతుందనీ, వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుందనీ చెబుతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఎందుకు ఆపుతారని అడగండి. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. తల్లిచేపను పట్టేస్తే రేపటి వల ఖాళీ!

పిల్లలు చేప పేరు, పొడవు, తేదీ నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఏ నెలలో ఏ చేప వస్తుందో వారికే తెలుస్తుంది.

మరొక మేలు కూడా ఉన్నది. "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే తల వంచుకునే మత్స్యకారుల బిడ్డ ఆ తరగతిలో ఉండవచ్చు. తరగతి అంతా చుట్టూ చేరి తన తండ్రి చెప్పే పాఠం వింటున్న రోజున ఆ తల పైకి లేస్తుంది.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, ఈ ఏడు ఒక్క పడవతో మొదలుపెట్టి చూడండి.