ఇతర పెంపుడు ప్రాణులున్న ఇంట బోవా పాము: ఎంపికకు ముందు తెలియవలసినవి

బోవా అనే జాతికి బీదరులో వినవచ్చే నాలుగు భాషలలోనూ సొంత పేరు లేదు. తెలుగువారు కొండచిలువ అంటారు. కన్నడిగులు హెబ్బావు అంటారు. మరాఠీలో అజగర్, ఉర్దూలో అజ్దహా. ఇవన్నీ నిజానికి పైథాన్ పేర్లు. బోవా దానికి దాయాది వంటిది. రెంటికీ విషం లేదు, రెండూ ఎరను చుట్టి బిగించి చంపుతాయి. పైథాన్ గుడ్లు పెట్టి పొదుగుతుంది. బోవా చాలావరకు పిల్లలనే కంటుంది. ఈ తేడాను అనువాదకుని చాదస్తంగా భావించకూడదు. పామును ఇంట ఉంచుకొనేవారికి పత్రంలో రాసిన జాతి పేరే రక్ష, అది తప్పైతే అదే శిక్ష.

కుక్కో, పిల్లో, మిద్దె మీద పావురాలో ఉన్న ఇంటికి ఎటువంటి బోవా తగును? చిన్నదిగా, నెమ్మదిగా, కరవకుండా ఉండాలని ఎవరైనా కోరుకుంటారు. ఆ లక్షణాలన్నీ కలిగిన పాము మన ఎర్ర నేలలోనే ఉంది. రెండు తలల పాముగా మనకు తెలిసిన ఈ జీవిని కన్నడంలో మణ్ణుముక్క అని, మరాఠీలో మాండూళ్ అని పిలుస్తారు. సాధారణంగా మూడడుగుల లోపే పెరుగుతుంది. పగలు వదులు మట్టిలో దాగి ఉండి, రాత్రి బయటికి వచ్చి ఎలుకలను తింటుంది. తోక మొద్దుగా తల వలె కనబడడం వల్ల శత్రువు ఏది తలో తెలియక తోకను పట్టుకుంటాడు. పాముకు దక్కేది ఆ కాస్త వ్యవధి. రెండో తల అంటూ ఏదీ లేదు. శాస్త్రలోకంలో దీనికి 1801లో పేరు పెట్టినవాడు ప్యాట్రిక్ రసెల్. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాములపై 1796లో గ్రంథం వెలువరించిన వైద్యుడు ఆయనే. రక్తపింజరను ఆంగ్లేయులు ఆయన పేరుతోనే పిలుస్తారు.

అయితే రెండు తలల పామును ఇంట ఉంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించింది. పట్టడం, కొనడం, అమ్మడం, దాచడం అన్నీ నిషిద్ధమే. ఈ చట్టం కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అత్యున్నత రక్షణ గల ప్రాణుల విషయంలో కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళ శిక్ష ఉంది. పొలంలో దొరికింది, ఎవరో ఇచ్చారు, తిండి పెట్టి సాకుతున్నాము అనే సమాధానాలు చెల్లవు. (పంజరంలోని రామచిలుక, తొట్టిలోని నక్షత్ర తాబేలు విషయంలోనూ చట్టం ఇదే చెబుతుంది. ఈ మాట చాలామందికి రుచించదని తెలుసు.)

ఈ పామును పెంపకం కోసం కొనేవారికంటె అదృష్టం కోసం కొనేవారే ఎక్కువ కావడం విచారకరం. ఇంట ఉంటే ధనం వస్తుందని, బరువు పెరిగేకొద్దీ ధర లక్షలు, కోట్లు పలుకుతుందని దళారులు నమ్మిస్తారు. 2016 నుండి 2021 వరకు దేశంలో ఈ పాముల అక్రమ వ్యాపారానికి సంబంధించి 172 ఘటనలను వన్యప్రాణి సంరక్షణ సంస్థ ఒకటి లెక్కగట్టింది. పొరుగున ఉన్న మహారాష్ట్ర ఆ పట్టికలో అగ్రస్థానంలో ఉంది. ఇందులో ధనవంతులయ్యేది పాము గలవారు కారు, బయానా పుచ్చుకున్నవారు మాత్రమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని ప్రమాదపు అంచుకు చేరువైన వాటిలో చేర్చింది.

ప్రాణాపాయం మరొకచోట ఉంది. మన ప్రాంతంలో రెండో రకం మట్టి బోవా కూడా ఉంది. అది పొట్టిగా, లావుగా, వీపున ముదురు మచ్చలతో ఉంటుంది. రక్తపింజరకూ దానికీ పోలిక చాలా దగ్గర. పింజర అనుకొని ఈ అమాయకప్రాణిని చంపేవారు ఉన్నారు. మట్టి పామే కదా అని పింజరను చేత్తో ఎత్తేవారూ ఉన్నారు. పింజరకు మెడ కంటె తల స్పష్టంగా వెడల్పు, వీపున గొలుసు వలె వరుసలు కట్టిన గుండ్రని మచ్చలు, బెదిరిస్తే కుక్కర్ ఆవిరి వదిలినట్లు బుస ఉంటాయి. ఇవి తెలిసి ఉండడం మంచిదే, కాని సంధ్య వెలుగులో ఈ తేడాలపై ఆధారపడి చేయి చాచరాదు. పెరట్లో కుక్క ఏదైనా పాము ముందు నిలిచి మొరుగుతుంటే కుక్కను వెనక్కు పిలవండి, పామును ముట్టుకోకండి.

ఇక మిగిలినవి విదేశీ జాతులు. వీటికి మార్గం ఉంది, షరతులు కూడా ఉన్నాయి. అంతరించే ప్రమాదం గల ప్రాణుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ పరిధిలోకి బోవాలు, పైథాన్లు అన్నీ వస్తాయి. మన చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దానిననుసరించి ఇటువంటి ప్రాణులు గలవారు నమోదు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం, అప్పటికే కలిగి ఉన్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆ తరువాత పొందినవారు ముప్పై రోజులలోగా పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకునికి దరఖాస్తు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. ఆడ బోవా ఒక్క కాన్పులో ఇరవై, ముప్పై పిల్లలను కనగలదు. జంటను పెంచదలచినవారు ఈ లెక్కను ముందే చూసుకోవాలి. అమ్మేవాని నమోదు పత్రం చూపనిదే డబ్బు చెల్లించకండి. దిగుమతి పాము అయితే దానికి సంబంధించిన అనుమతి కూడా అడగండి.

ఆఫ్రికా మట్టి బోవా ఒకటి ఉంది. రెండడుగుల చిన్న పాము, విదేశాలలో తొలిసారి పెంచేవారికి దానినే సూచిస్తారు. అయినా మన ఊరిలో దానిని వద్దనే చెబుతాను. మట్టి బోవాలను గుర్తించడం సామాన్యునికి కష్టం. అడవి నుండి పట్టిన స్వదేశీ పామును ఆఫ్రికాదని చెప్పి అంటగడితే, చిక్కుకునేది కొన్నవారే.

దక్షిణ అమెరికా నుండి వచ్చే అసలు బోవా ఆరు నుండి పది అడుగులు పెరుగుతుంది, ఇరవై ఐదేళ్ళు బ్రతకగలదు. నేటి పదేళ్ళ బాలుడు పెళ్ళి చేసుకొని వేరే ఊరికి వెళ్ళిన తరువాత దానిని సాకవలసినవారు తల్లిదండ్రులు. ఆరడుగులు దాటిన పామును ఒంటరిగా పట్టుకోరాదన్నది అనుభవజ్ఞుల నియమం. బోవాయే కావాలనుకుంటే మధ్య అమెరికా దీవులలోని మరుగుజ్జు రకాలు మేలు. అవి నాలుగైదు అడుగులు మించవు. మగది ఆడదానికంటె చిన్నగా ఉంటుంది. బాల్ పైథాన్ బోవా కాకపోయినా అంతే పరిమాణంలో ఉండి, బెదిరినప్పుడు ఉండ చుట్టుకుంటుంది తప్ప కరవడానికి తొందరపడదు. రెంటిలో ఏదో ఒకటే తీసుకోండి. బోవాలు పైకి లక్షణాలు లేకుండా మోసే ఒక వైరస్ జబ్బు పైథాన్లను త్వరగా బలిగొంటుంది. అందుకే రెంటినీ ఒకే గదిలో ఉంచరాదు.

ఇంట ఇతర ప్రాణులుంటే చూడవలసినది స్నేహం కుదురుతుందా అన్నది కాదు. పాముకు పిల్లితో స్నేహమూ లేదు, వైరమూ లేదు. వాసన, వేడి మాత్రమే తెలుసు. కుందేలు, చిట్టెలుక, పావురం దాని దృష్టిలో ఆహారం. పావురాలకు గింజలు వేసిన చేతితోనే పాము పెట్టె తెరిస్తే అది చేతిని ఆహారమని భ్రమించవచ్చు. చాలా కాట్లకు కారణం ఇదే. సబ్బుతో చేతులు కడుక్కొని తెరవాలి, మూసిన తరువాత మళ్ళీ కడుక్కోవాలి. సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా క్రిమి ఉంటుంది. ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట ఇది చిన్న విషయం కాదు. పాము నీటిగిన్నెను వంటింటి సింకులో కడగకండి.

పిల్లి వల్ల పాముకు కలిగే అపాయమూ తక్కువేమీ కాదు. పిల్లి పంటి గాటు పైకి కనబడదు, లోపల చీము పడుతుంది. అందువల్ల పాముకు తలుపు గల ప్రత్యేక గది, ఆ గదిలో తాళం వేసే పెట్టె ఉండాలి. అద్దపు మూత మీద ఇటుక పెట్టడం తాళం కాదు. బీదరు వేసవిలో గది వేడి నలభై డిగ్రీలకు చేరువవుతుంది. బోవాకు ముప్పై రెండు దాటితే బాధ. కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలో ముందే ఆలోచించుకోవాలి.

ఆహారంగా చచ్చిన ఎలుకనే, కాస్త వెచ్చబరచి, పట్టకారుతో అందించాలి. బ్రతికిన ఎలుక పామును కొరికి గాయపరచగలదు. ఇంట్లో మందు తిని చచ్చిన ఎలుకను ఎన్నడూ పెట్టకండి. ఆ విషం పాముకూ, దానిని నోట కరచిన పిల్లికీ సోకుతుంది. ఎదిగిన పాముకు రెండు వారాలకొకసారి చాలు. తిన్న తరువాత రెండు రోజులు ఎత్తుకోకూడదు. జబ్బు చేస్తే నందినగర్‌లోని పశువైద్య కళాశాల మన ఊరిలోనే ఉండడం బీదరు వాసులకు కలిసివచ్చిన విషయం. కొనకముందే అక్కడ విచారించడం ఇంకా మంచిది.

సాకలేనప్పుడు కోట కందకంలోనో, చెరువు గట్టునో వదలరాదు. అరూబా దీవిలో ఇలా చేరిన బోవాలు 1990ల చివర నుండి అక్కడి పక్షులను, బల్లులను తినివేస్తున్నాయి; వేలాది పాములను పట్టినా నిర్మూలించలేకపోయారు. రెండు తలల పాము ఇప్పటికే ఇంట ఉంటే అటవీశాఖ సహాయవాణి 1926కు ఫోన్ చేసి అప్పగించండి. నమోదైన పాము పెట్టె నుండి తప్పించుకుంటే మొదట కుక్కను, పిల్లిని వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. తరువాత ఫ్రిజ్ వెనుక, బీరువా కింద, స్నానాలగది మూలలలో వెదకండి. ఇరుగుపొరుగుకు చెప్పడానికి మొహమాటపడకండి. చెప్పకపోతే, దానిని చూసిన మొదటి వ్యక్తి కర్ర తీస్తాడు.