సైన్సుకూ చిత్తుప్రతి
"ఏంటి టీచర్‌గారూ, మా అమ్మాయి సైన్సు నోటుబుక్కు నిండా కొట్టివేతలే! మీరెలా టిక్కు పెట్టారండీ?" అని ఓ తల్లి నన్ను నిలదీశారు.

అన్నం మెతుకులపై అయోడిన్ వేయించాను. ఆ పిల్ల ముందు గైడులోని వాక్యమే రాసింది. "నువ్వు చూసింది రాయమ్మా" అన్నాను. 'నల్లబడింది' అని రాసి, కొట్టేసి, 'ముదురు నీలం' అంది. పక్కపిల్ల చదివి "ఎన్ని చుక్కలేశావ్?" అంటే అదీ చేర్చింది.

తెలుగు వ్యాసానికైతే చిత్తుప్రతి ఒప్పుకుంటాం, సైన్సుకెందుకు ఒప్పుకోమో! డార్విన్ తన సిద్ధాంతాన్ని 1842లో పెన్సిలుతో 35 పేజీలు రాసుకున్నారు. 1844లో అది 230 పేజీలైంది. పుస్తకం వచ్చింది 1859లో.

"పరీక్షలో గైడు వాక్యమే కావాలంటారు కదండీ?" అన్నారావిడ. అవును. నేను దిద్దే పేపర్లలో మాత్రం సొంత వాక్యానికీ పూర్తి మార్కులు వేస్తున్నాను.