చెయ్యి చాచినవారికి చిల్లరేనా?
ఇంటి పన్నుతో పాటే కడుతున్నాం భిక్షుక సెస్సు.. లెక్క అడిగేదెవరు?

బళ్ళారి: మంగళ, శుక్రవారాల్లో కనకదుర్గమ్మ గుడి దగ్గరికి వెళ్తే మెట్ల దాకా చాచిన చేతులే. ‘అమ్మా, ధర్మం’ అని తెలుగులో ఒకరు, ‘ఏనాదరూ కొడి’ అని కన్నడంలో మరొకరు. ఆకలికి సరిహద్దు లేదు. కొందరు భక్తులు ముఖం చూడకుండానే రూపాయి పడేసి వెళ్ళిపోతారు. కొందరు ‘ఒళ్ళు వంచి పనిచేసుకోరాదూ’ అని కసురుతారు. ‘వేస్తే ముఠాలకే పోతుంది’ అనేవాళ్ళూ ఉన్నారు. వీటిలో ఏది సరైనది?

రసీదు తీసి చూడండి
మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కర్ణాటకలో 1975 నుంచి భిక్షాటన నిషేధ చట్టం ఉంది. దాని ప్రకారం స్థానిక సంస్థలు ఆస్తి పన్నుపై 3 శాతం భిక్షుక సెస్సు వసూలు చేస్తాయి. పన్ను వెయ్యి రూపాయలైతే ముప్పై రూపాయలు ఇందుకే. ఈ డబ్బుతో నిరాశ్రితర పరిహార కేంద్రాలు నడపాలి. అంటే సొంత ఇల్లున్న ప్రతివారూ ఏటా ముందే భిక్ష వేసేసినట్టు. అయితే వసూలైన సెస్సును పాలికెలు పరిహార సమితికి పూర్తిగా జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ళ తరబడి ఉన్నదే.

పట్టుకెళ్ళి పడేస్తే?
‘పోలీసులు పట్టుకెళ్తే పీడా పోతుంది’ అనేవాళ్ళు 2010ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఆగస్టులో బెంగళూరు మాగడి రోడ్డులోని కేంద్రంలో పదుల సంఖ్యలో నిరాశ్రితులు చనిపోయారు. అప్పటి సాంఘిక సంక్షేమ మంత్రి ఆ శాఖను వదులుకోవాల్సి వచ్చింది. కేంద్రం ఉంటే చాలదు, అందులో తిండీ వైద్యం ఉండాలని ఆ ఘటన చెప్పింది.

కోర్టుల చూపూ మారింది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అక్కడ భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టివేసింది. రోడ్ల కూడళ్ళలో బిచ్చగాళ్ళను నిలువరించాలన్న పిటిషన్‌పై 2021 జూలైలో సుప్రీంకోర్టు, ఇది పేదరికం సమస్య అని, నిషేధం విధించలేమని స్పష్టం చేసింది. ఆ తర్వాత 2025 జనవరి నుంచి ఇండోర్‌లో బిచ్చం వేసినవారిపైనే కేసులన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బిచ్చగాళ్ళు, దిమ్మరులు 4,13,670 మంది. అందర్నీ ఒకే గాటన కట్టడంలోనే చిక్కంతా ఉంది.

మనిషిని బట్టి సాయం
చంకలో పసిబిడ్డ, చేతిలో పాలసీసా.. చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. కానీ పిల్లల చేతిలో పడే ప్రతి రూపాయీ వాళ్ళను మర్నాడు మళ్ళీ అదే సర్కిల్‌కి తెస్తుంది. వాళ్ళకు డబ్బులివ్వకుండా 1098కి ఫోన్ చేయడం మేలు. పిల్లలతో అడుక్కు తినిపించేవారికి బాలల న్యాయ చట్టం కింద ఐదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి.

ముసలివాళ్ళ సంగతి వేరు. ఆకలన్నవారిని ఊళ్ళో ఇందిరా క్యాంటీన్ ఉంటే అక్కడికి తీసుకెళ్ళి టోకెన్ కొనిస్తే పూట గడుస్తుంది. 65 ఏళ్ళు నిండినవారికి సంధ్యా సురక్ష పింఛను ఉంది, కానీ ఆధార్, చిరునామా లేనివారు దరఖాస్తు దాకానే రాలేరు. ఆ కాగితం నింపి పెట్టడం పది రూపాయల నోటుకన్నా పెద్ద దానం. వృద్ధుల కోసం 14567 సహాయవాణి ఉంది. రోడ్డుపక్కన స్పృహ లేకుండా పడివున్నవారి కోసం 108కి చెప్పాలి.

సంక్రాంతికి గడపలోకొచ్చే గంగిరెద్దులవారు, హరిదాసులు ఈ లెక్కలోకి రారు. వాళ్ళది కళ. దోసెడు బియ్యం పోయడం బిచ్చం కాదు, ఆ కళకిచ్చే కూలి.

ఇక వేయాలా వద్దా అన్నది ఎవరి మనసు వారిది. వేయకపోయినా ఫర్వాలేదు, ఛీత్కరించకుంటే చాలు. ‘లేదు తాతా’ అని నెమ్మదిగా చెప్పడానికి ఖర్చేమీ లేదు. ఈసారి ఓట్లడగడానికి వచ్చే కార్పొరేటర్‌ను మాత్రం ఒక్క మాట అడగండి: మా వార్డులో వసూలైన భిక్షుక సెస్సు ఎంత, ఎవరికి చేరింది?