మీ ఫోన్‌లోనే ఒక లైబ్రరీ



మన పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు. చదవమంటే మాత్రం చాలామంది రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. స్కూల్లో లైబ్రరీ పీరియడ్ ఒక్కటే దీనికి చాలదు. మీ ఫోన్ కూడా సాయం చేయగలదు.

స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఉచిత వెబ్‌సైట్. తెలుగు, ఇంగ్లిష్ బొమ్మల కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. తెలుగు చదవడం ఇప్పుడే మొదలుపెడుతుంటే, ఐదో తరగతి పిల్లలకైనా ఒకటో స్థాయే మంచిది.

నేషనల్ డిజిటల్ లైబ్రరీ: ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించింది. హైస్కూల్ పిల్లలు సబ్జెక్టువారీగా పుస్తకాలు వెతుక్కోవచ్చు.

వాట్సాప్: చదివిన పుస్తకం అట్ట ఫొటో స్టేటస్‌గా పెట్టండి. పిల్లల ముఖం, పేరు, సెక్షన్ మాత్రం వద్దు. గ్రూపుల్లో తిరిగే కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు ఫార్వర్డ్ చేయకండి. వాటికి రచయిత అనుమతి ఉండకపోవచ్చు.

ఈ నెల ఒక్క పని చేయండి. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు, ఒక పేజీ మీరు, ఒక పేజీ మీ పాప లేదా బాబు పైకి చదవండి. తప్పు చదివినా మధ్యలో ఆపకండి. పేజీ అయ్యాక ఆ మాట మళ్లీ చూపించండి. కథ పేరు డైరీలో రాసి పంపితే, లైబ్రరీ పీరియడ్‌లో ఆ కథ తోటి పిల్లలకు చెప్పిస్తాం.